సీజన్ అయ్యేదాకా ఆగే కేసులు

అమెరికాలో కాలేజీ ఆటగాళ్లకు పోలీసుల దగ్గర, కోర్టుల దగ్గర దొరికే మర్యాద గురించి మాట వస్తే చాలామంది ముందు పీతకాళ్ల కథే చెబుతారు. 2014 ఏప్రిల్‌లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాడు జేమిస్ విన్‌స్టన్ టాలహసీలోని పబ్లిక్స్ సూపర్‌మార్కెట్ నుంచి డబ్బు కట్టకుండా పీతకాళ్ల వంటి సీఫుడ్ పట్టుకెళ్లాడు. దాని ఖరీదు 32 డాలర్ల 72 సెంట్లు. అప్పటికి అతను కాలేజీ ఫుట్‌బాల్‌లో అతిపెద్ద వ్యక్తిగత పురస్కారమైన హైస్‌మన్ ట్రోఫీ గెలిచి నాలుగు నెలలు దాటింది. అరెస్టు చెయ్యలేదు. 20 గంటల సమాజసేవతో వదిలేశారు. దేశమంతా నవ్వుకుంది, టీవీల్లో జోకులేశారు.

నిజానికి ఆ కేసులో ప్రత్యేక మర్యాద అంటూ పెద్దగా ఏమీ లేదు. ఆ ఊరున్న లియోన్ కౌంటీలో మొదటిసారి చిన్న దొంగతనంలో దొరికినవాళ్లను కోర్టు మెట్లు ఎక్కించకుండా సమాజసేవతో సరిపెట్టే పద్ధతి అప్పటికే ఉంది. మామూలు స్టూడెంట్ దొరికినా అలాగే తేలేది. చూడాల్సింది అంతకు పదహారు నెలల ముందు, అదే ఊళ్లో, అదే ఆటగాడి విషయంలో పోలీసులు చెయ్యకుండా వదిలేసిన పనులు.

2012 డిసెంబర్ 7 తెల్లవారుజామున ఒక విద్యార్థిని తనపై అత్యాచారం జరిగిందని టాలహసీలో ఫిర్యాదు చేసింది. అతనెవరో అప్పటికి ఆమెకు తెలియదు. 2013 జనవరిలో క్లాసులో చూసి గుర్తుపట్టి, పేరు పోలీసులకు చెప్పింది. అది విన్‌స్టన్ పేరు. పేరు తెలిశాక దాదాపు రెండు వారాలకు డిటెక్టివ్ అతనికి ఫోన్ చేశాడు. బేస్‌బాల్ ప్రాక్టీసు ఉంది, తర్వాత మాట్లాడతానన్నాడు. ఆ తర్వాత లాయర్ అడ్డం వచ్చాడు, మాటలు అక్కడితో ఆగిపోయాయి. డీఎన్ఏ తీసుకోలేదు. ఆ రాత్రి వాళ్లు ఉన్న బార్‌లో 30కి పైగా కెమెరాలున్నా ఆ వీడియో తెప్పించలేదు. ఫైలు పక్కన పడింది. 2013 నవంబర్‌లో విలేఖరులు ఆరా తియ్యడం మొదలుపెట్టాకే అది ప్రాసిక్యూటర్ టేబుల్ మీదికి చేరింది. డీఎన్ఏ కూడా అప్పుడే తీసుకున్నారు. అప్పటికి జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. డిసెంబర్ 5న స్టేట్ అటార్నీ విల్లీ మెగ్స్ కేసు పెట్టేంత ఆధారాలు లేవని ప్రకటించారు. 14న హైస్‌మన్ ట్రోఫీ వచ్చింది. జనవరిలో ఆబర్న్‌ను ఓడించి జాతీయ చాంపియన్లయ్యారు.

ఇద్దరి ఇష్టంతోనే జరిగిందని విన్‌స్టన్ మొదటి నుంచీ చెబుతూ వచ్చాడు. అతని మీద క్రిమినల్ కేసు ఎప్పుడూ నమోదు కాలేదు. 2014 డిసెంబర్‌లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఒకరు యూనివర్సిటీ తరఫున విచారణ జరిపి, నియమాలు ఉల్లంఘించాడని తేల్చడానికి ఆధారాలు చాలవన్నారు. 2016 జనవరిలో ఆ విద్యార్థిని వేసిన దావాను యూనివర్సిటీ 9 లక్షల 50 వేల డాలర్లకు రాజీ చేసుకుంది, తప్పు మాత్రం ఒప్పుకోలేదు. ఆ రాత్రి ఏం జరిగిందో బయటివాళ్లెవరూ ఇప్పుడు తేల్చలేరు. తేల్చే అవకాశం పోయింది మొదటి పదకొండు నెలల్లోనే. దాంతో నష్టపోయింది ఆమె ఒక్కతే కాదు. తాను నిర్దోషినన్న అతని మాటకు అండగా నిలిచే ఆధారమేదైనా ఉండి ఉంటే అదీ ఆ వీడియోతో పాటే పోయింది.

కాలేజీ ఆటగాళ్లను వెనకేసుకు రావడం అంటే జడ్జి కేసు కొట్టెయ్యడమో, పోలీసు లంచం తీసుకోవడమో అని ఊహించుకుంటాం. అలాంటివి అరుదు. ఎక్కువగా జరిగేది ఆలస్యం. ఒక వీడియో అడగరు, ఒక ఫోన్ చెయ్యరు, ఒక సంతకం వచ్చే నెలకు వాయిదా పడుతుంది. కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ ఆగస్టు చివర మొదలై జనవరిలో అయిపోతుంది. ఒక ఆటగాడు జట్టులో ఉండేది మూడు నాలుగేళ్లు. ఇంత చిన్న క్యాలెండర్‌లో కేసును గెలవక్కర్లేదు, కాస్త నెమ్మదిగా నడిపిస్తే చాలు.

ఆ నెమ్మదితనం వెనక ఎంత డబ్బు ఉందో తెలియాలి. మన దగ్గర కాలేజీ ఆటలంటే అంతర్ కళాశాలల టోర్నీ, ఒక షీల్డు, స్పోర్ట్స్ కోటాలో ఒక సీటు. అక్కడ లక్ష మందికి పైగా పట్టే ఫుట్‌బాల్ స్టేడియాలు కాలేజీలకే ఎనిమిది ఉన్నాయి. మిషిగన్ స్టేడియంలో లక్షా ఏడు వేల మందికి పైగా కూర్చోవచ్చు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతగాళ్లందరిలో ఎక్కువ జీతం గవర్నర్‌ది కాదు, ప్రభుత్వ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్‌ది. 2023 నవంబర్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం తన కోచ్ జింబో ఫిషర్‌ను తీసేసినందుకు కాంట్రాక్టు ప్రకారం బాకీపడ్డ సొమ్ము ఏడున్నర కోట్ల డాలర్లకు పైనే. అది పని చేయించుకున్నందుకు ఇచ్చింది కాదు, వెళ్లిపొమ్మన్నందుకు ఇవ్వాల్సి వచ్చింది. ఇలాంటి యూనివర్సిటీలు చాలావరకు చిన్న ఊళ్లలో ఉంటాయి. హోటళ్లు, బార్లు, పార్కింగ్ స్థలాలు, ఆదివారం చర్చి దగ్గర కబుర్లు, అన్నీ శనివారం మ్యాచ్ చుట్టూనే తిరుగుతాయి. పోలీసులు కూడా ఆ ఊరివాళ్లే. టాలహసీలో విన్‌స్టన్ కేసు చూసిన డిటెక్టివ్ అంతకుముందు సెమినోల్ బూస్టర్స్‌కు ప్రైవేటు సెక్యూరిటీ పని చేశాడని న్యూయార్క్ టైమ్స్ 2014లో బయటపెట్టింది. జట్టుకు డబ్బు సమకూర్చే సంస్థ అది, అప్పటికి దాని ఆస్తులు దాదాపు 15 కోట్ల డాలర్లు. ఆ సంబంధం దర్యాప్తును పాడుచేసిందని రుజువు లేదు. కానీ ఆ డిటెక్టివ్‌ను ఎవరూ బెదిరించాల్సిన అవసరం కూడా లేదు, ఆ ఊళ్లో ఏ కేసును ఎంత గట్టిగా లాగాలో ఎవరి ఒంటికి వాళ్లకే తెలుస్తుంది.

ఆర్డర్లు వేసే పెద్దమనిషి ఎవరూ లేకుండానే ఇది నడుస్తుందన్నది గమనించాల్సిన సంగతి. 2014 అక్టోబర్‌లో అదే టాలహసీలో తెల్లవారుజామున ఫ్లోరిడా స్టేట్ ఆటగాడొకడు ఎదురుగా వస్తున్న కారును గుద్ది, కారు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. అవతలి కారులో ఉన్నది ఉద్యోగం ముగించుకుని ఇంటికి వెళ్తున్న ఒక కుర్రాడు. గుద్దిన ఆటగాడు తర్వాత తిరిగొచ్చాడు. తాగాడో లేదో పరీక్ష చెయ్యలేదు. గుద్ది పారిపోయిన కేసు పెట్టలేదు. రెండు ట్రాఫిక్ టికెట్లు రాసి పంపించారు. క్యాంపస్ పోలీసులకు ఆ రోడ్డు మీద పనేమీ లేకపోయినా వాళ్లూ అక్కడికి వచ్చారు. ఇందులో కుట్ర వెతకక్కర్లేదు. మనవాడు ఇరుక్కున్నాడంటే నలుగురు చేరతారు, నలుగురు చేరాక నోట్‌బుక్‌లో రాత మెత్తబడుతుంది. మన తాలూకా సెంటర్లలో ఎమ్మెల్యేగారి బామ్మర్ది బండి ఆపిన కానిస్టేబుల్‌ను తలుచుకుంటే ఇది పెద్దగా వివరించి చెప్పాల్సిన విషయం కాదు.

అమెరికాలో మాత్రం ఇంకో పొర ఉంటుంది. యూనివర్సిటీకి సొంత పోలీసు, సొంత క్రమశిక్షణ విచారణ ఉంటాయి. క్యాంపస్‌లో జరిగిన గొడవ ఊరి పోలీసుల దాకా పోవాలా, డీన్ ఆఫీసులోనే తేలాలా అన్నది మొదట వచ్చే ప్రశ్న. ఆటగాడి విషయంలో ఇంకో గది కూడా చేరుతుంది, కోచ్ గది. 2014లో సెనేటర్ క్లెయిర్ మెకాస్కిల్ జరిపించిన సర్వేలో ఐదో వంతుకు పైగా విద్యాసంస్థలు ఆటగాళ్ల మీద వచ్చే లైంగిక హింస ఫిర్యాదుల పర్యవేక్షణ క్రీడా విభాగానికే ఇచ్చామని చెప్పాయి. అంటే ఆటగాడు మైదానంలో లేకపోతే ఎవరి ఉద్యోగానికి ముప్పో, తీర్పూ వాళ్ల చేతిలోనే. సర్వే పత్రంలో ఇది దాచకుండా రాసిచ్చారంటే, అది తప్పని వాళ్లకు తోచి కూడా ఉండదు.

ఈ గదుల వ్యవహారం నిలువునా బయటపడింది టెక్సస్ రాష్ట్రం వేకోలోని బేలర్ యూనివర్సిటీలో. బాప్టిస్టుల యూనివర్సిటీ అది. 2008 నుంచి కోచ్ ఆర్ట్ బ్రైల్స్ చేతిలో ఆ జట్టు అట్టడుగు నుంచి పైకి లేచింది. 2011లో రాబర్ట్ గ్రిఫిన్‌కు హైస్‌మన్ ట్రోఫీ వచ్చింది. 2014లో 26 కోట్ల డాలర్లకు పైగా పోసి బ్రజోస్ నది ఒడ్డున కొత్త స్టేడియం కట్టారు. అదే ఏడాది జనవరిలో ఆ జట్టు మాజీ ఆటగాడొకడికి అత్యాచారం కేసులో 20 ఏళ్ల జైలు పడింది. ఆ తర్వాత ఒక్కొక్కటే కదిలాయి. 2014 జూన్‌లో గ్రాండ్ జ్యూరీ (కేసు నడపాలా వద్దా తేల్చే పౌరుల బృందం) అభియోగం మోపిన ఇంకో ఆటగాడు 2015 సీజన్‌లో ఆడతాడనుకుంటున్నామని జట్టు కోచ్‌లలో ఒకరు 2015 జూన్‌లో బహిరంగంగా అన్నారు. అభియోగం పడి ఏడాదైనా పత్రికల్లో ఆ సంగతి రాలేదు. ఆగస్టులో జ్యూరీ అతన్ని దోషి అంది. (ఆ తీర్పు అప్పీళ్లలో పలుమార్లు అటూ ఇటూ మారింది.) 2016 మేలో పెప్పర్ హామిల్టన్ అనే లా సంస్థ ఇచ్చిన నివేదిక సారాంశాన్ని బేలర్ విడుదల చేసింది. ఫిర్యాదుదారులతో ఫుట్‌బాల్ సిబ్బంది నేరుగా మాట్లాడారని, విషయం క్రీడా విభాగం దాటి పోకుండా చూశారని, ఫుట్‌బాల్ నియమాలకు అతీతమన్న భావన అక్కడ పెరిగిందని అందులో ఉంది. కోచ్ ఉద్యోగం పోయింది. యూనివర్సిటీ అధ్యక్షుడు కెన్ స్టార్ పదవి పోయింది. బిల్ క్లింటన్‌ను ముప్పుతిప్పలు పెట్టిన స్టార్ ఈయనే. ఒక దేశాధ్యక్షుడి పడగ్గదిని ఫుట్‌నోట్లతో సహా విచారించిన మనిషికి సొంత క్యాంపస్‌లో ఏం జరుగుతోందో తెలియకపోవడం అమెరికన్లు ఇప్పటికీ చెప్పుకునే వింత.

బేలర్ కథలో అంతకంటే గట్టి మలుపు ఐదేళ్ల తర్వాత వచ్చింది. కాలేజీ ఆటలను నడిపించే ఎన్‌సీఏఏ 2021 ఆగస్టులో తన తీర్పు ఇచ్చింది. ఫిర్యాదులను పైకి పంపకపోవడం తమ నియమాల ప్రకారం ఉల్లంఘన కాదంది. ఎందుకంటే ఎన్‌సీఏఏ నియమం నిషేధించేది ఆటగాళ్లకు మాత్రమే దక్కే అదనపు లాభాన్ని. బేలర్‌లో లైంగిక హింస ఫిర్యాదులను పట్టించుకోకపోవడం యూనివర్సిటీ అంతటా ఉన్న రోగమే కాబట్టి, ఆటగాళ్లకు అదనంగా ఏదీ దక్కినట్టు కాదని కమిటీ తేల్చింది. ఆటగాడికి బూస్టర్ (జట్టుకు డబ్బిచ్చే అభిమాని) ఒక భోజనం పెట్టిస్తే శిక్ష వేసే సంస్థ అది. అక్షరం ప్రకారం కమిటీ తర్కంలో లోపం లేదు. అయినా ఇంత చేతకాని న్యాయం చదివి కమిటీ సభ్యులే ఇబ్బంది పడ్డారు, తాము ఇష్టంగా ఈ నిర్ణయానికి రాలేదన్న భావం తీర్పులోనే కనబడుతుంది.

అంకెలు ఏమంటున్నాయో చూద్దాం, కాకపోతే కాస్త జాగ్రత్తగా చదవాలి. 2015లో ఈఎస్‌పీఎన్ 2009 నుంచి 2014 దాకా పది యూనివర్సిటీల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల మీద వచ్చిన పోలీసు రికార్డులు తిరగేసింది. యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడాలో 80 మంది ఆటగాళ్ల పేర్లు వందకు పైగా నేరాల్లో అనుమానితులుగా ఉన్నాయి. అందులో 56 శాతం కేసులు నమోదు కాకుండానో, తర్వాత వీగిపోయో తేలిపోయాయి. అదే ఊళ్లో అదే వయసు మగవాళ్ల నమూనాలో అలా పోయినవి 28 శాతం. ఫ్లోరిడా స్టేట్‌లో ఆటగాళ్లకు 70 శాతం, మిగతా కుర్రాళ్లకు 50 శాతం. తేడా స్పష్టమే. కానీ దాని వెనక కారణం ఒక్కటే కాదు. ఆటగాడికి గంటలోపు అనుభవమున్న లాయర్ దొరుకుతాడు, మామూలు స్టూడెంట్‌కు దొరకడు. సాక్షులు భయపడో, అభిమానంతోనో నోరు విప్పరు. ఫిర్యాదు చేసిన అమ్మాయి పేరు బయటికొస్తే ఊరంతా ఆమె మీద పడుతుంది. టాలహసీలో ఇది పెద్ద ఫుట్‌బాల్ ఊరు, బాగా ఆలోచించుకోమని డిటెక్టివ్ తమను హెచ్చరించాడని విన్‌స్టన్ మీద ఫిర్యాదు చేసిన విద్యార్థిని కుటుంబ లాయర్ ఆరోపించింది కూడా ఇలాంటి మాటే. చివరికి కేసు వద్దన్నది ఫిర్యాదుదారే అని రికార్డులో పడుతుంది. పోలీసుల లెక్కలో అది మర్యాద కిందికి రాదు.

ఆటగాళ్లంటేనే నేరస్థులన్న మాట మాత్రం ఈ అంకెలతో నిలబడదు. 2011లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్, సీబీఎస్ కలిసి దేశంలోని టాప్ 25 ఫుట్‌బాల్ జట్లలో 2,837 మంది ఆటగాళ్ల చరిత్ర తవ్వితే 204 మంది మీద ఎప్పుడో ఒకప్పుడు కేసు ఉన్నట్టు తేలింది. దాదాపు ఏడు శాతం. మిగతా 93 శాతం మంది మీద అలాంటి రికార్డేదీ దొరకలేదు. ఆ పరిశోధనలో బయటపడిన ఇంకో సంగతి ఎక్కువ చెబుతుంది: ఆ 25 యూనివర్సిటీల్లో స్కాలర్‌షిప్ ఇచ్చే ముందు నేరచరిత్రను క్రమం తప్పకుండా చూసుకునేవి రెండే. ఒక కుర్రాడి పరుగును సెకనులో వందో వంతు దాకా కొలిచేవాళ్లు పోలీసు రికార్డు అడగలేదంటే, అడిగితే దొరికేది తమకు అక్కర్లేదనే.

కోచ్‌లు దీనికి చెప్పే సమాధానం ఒకటుంది, అది కొట్టిపారెయ్యదగ్గది కాదు. జట్టులో ఉంటే కుర్రాడు బాగుపడతాడు, తీసేస్తే వీధిలో పడతాడు. 1995లో నెబ్రాస్కా కోచ్ టామ్ ఆస్బోర్న్ ఇదే అన్నారు. ఆ జట్టు రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు) లారెన్స్ ఫిలిప్స్ ఆ సెప్టెంబర్‌లో తన మాజీ ప్రియురాలిని కొట్టి మెట్ల మీదుగా ఈడ్చుకెళ్లాడు. ఆమె అదే యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడేది. అతను ఆరు మ్యాచ్‌లు బయట కూర్చుని తిరిగొచ్చాడు. 1996 జనవరి 2న సీజన్ చివరి పెద్ద మ్యాచ్ ఫియెస్టా బౌల్‌లో బంతితో 165 గజాలు పరుగెత్తాడు. నెబ్రాస్కా 62-24తో ఫ్లోరిడాను చిత్తుచేసి చాంపియన్ అయింది. ఆస్బోర్న్ తర్వాత అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు. ఫిలిప్స్ ప్రొఫెషనల్ లీగుకు వెళ్లి నిలవలేకపోయాడు, ఇతర దాడి కేసుల్లో కాలిఫోర్నియాలో 31 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది, 2016 జనవరిలో జైల్లోనే చనిపోయాడు. చిన్నప్పటి నుంచి తల్లిదండ్రుల అండ లేకుండా గ్రూప్ హోముల్లో పెరిగిన మనిషి. అతన్ని బాగుచేద్దామన్న ఆస్బోర్న్ ఉద్దేశాన్ని శంకించక్కర్లేదు. కానీ బాగుచెయ్యడానికి కావాల్సిన వైద్యం, కౌన్సెలింగ్, క్రమశిక్షణ అన్నీ జట్టుతో ప్రాక్టీసు చేస్తూ కూడా ఇవ్వొచ్చు. బౌల్ గేమ్‌లో ఆడించడం ఆ చికిత్సలో ఏ మందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆమెకు ఆ సీజన్ ఎలా గడిచిందన్నది ఆ రోజుల్లో చర్చలోకే రాలేదు.

మర్యాద ఇచ్చినందువల్ల ఆటగాళ్లకే కీడు జరిగిందేమో అనిపించే సందర్భం ఇంకోటుంది. 2022 సెప్టెంబర్‌లో జార్జియా యూనివర్సిటీ ఆటగాడు జేలెన్ కార్టర్ ఏథెన్స్ ఊళ్లో 45 మైళ్ల జోన్‌లో 89 మైళ్ల వేగంతో దొరికాడు. అరెస్టు చెయ్యగలిగి కూడా ఆఫీసర్ టికెట్ ఇచ్చి, ఇది నీకు ఇస్తున్న అవకాశం, నీ స్నేహితులకూ చెప్పు, నెమ్మదిగా వెళ్లండి అన్న ధోరణిలో మందలించి పంపాడు. మంచి మనసుతో చెప్పిన మాటే. నాలుగు నెలల తర్వాత, 2023 జనవరి 15 తెల్లవారుజామున, చాంపియన్‌షిప్ ఊరేగింపు జరిగిన కొన్ని గంటలకు అదే ఊరి రోడ్ల మీద కార్టర్ బండి, జట్టు సిబ్బంది నడుపుతున్న అద్దె ఎస్‌యూవీ పోటీ పడ్డాయి. ఎస్‌యూవీ గంటకు వంద మైళ్లు దాటిన వేగంలో అదుపు తప్పింది. దాన్ని నడుపుతున్న ఉద్యోగిని, లోపలున్న ఒక ఆటగాడు చనిపోయారు. కార్టర్ ప్రమాదకరంగా నడిపినందుకు, రేసింగ్‌కు ఏడాది ప్రొబేషన్, వెయ్యి డాలర్ల జరిమానా, 80 గంటల సమాజసేవతో బయటపడ్డాడు. ఏప్రిల్‌లో, ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో తొమ్మిదో ఆటగాడిగా ఎంపికయ్యాడు. మొదటి రోజే కాసేపు లాకప్‌లో కూర్చోబెట్టి ఉంటే ఇది ఆగేదా అంటే ఎవరూ చెప్పలేరు. ఆ ఘటన తర్వాత కూడా జార్జియా ఆటగాళ్లు అతివేగానికి దొరుకుతూనే వచ్చారన్నది మాత్రం రికార్డుల్లో ఉంది.

ఆలస్యాన్ని బద్దలుకొట్టేది దాదాపు ఎప్పుడూ వీడియోనే. 2014 జూలైలో ఓక్లహోమా ఆటగాడు జో మిక్సన్ నార్మన్ ఊళ్లో ఒక అమ్మాయి ముఖం మీద గుద్ది దవడ ఎముక విరగ్గొట్టాడు. ఏడాది సస్పెన్షన్, వంద గంటల సమాజసేవ. మరుసటి ఏడాది జట్టులో ఉన్నాడు. కోచ్, అధికారులు అప్పుడే ఆ వీడియో చూశారు, జనం చూడలేదు. కోర్టుకెక్కిన మీడియా సంస్థల పట్టుదలతో అది 2016 డిసెంబర్‌లో బయటికి వచ్చింది. ఇప్పుడైతే జట్టు నుంచి తీసేసేవాళ్లమని కోచ్ బాబ్ స్టూప్స్ అన్నారు. రెండున్నరేళ్లలో ఆ దెబ్బ బలం పెరగలేదు, దాన్ని చూసినవాళ్ల సంఖ్య పెరిగింది. దీనికి ఎదురుగా వాండర్‌బిల్ట్‌ను పెట్టి చూడాలి. 2013 జూన్‌లో అక్కడి హాస్టల్‌లో విరిగిన తలుపు సంగతి తేలుద్దామని యూనివర్సిటీ సిబ్బంది కెమెరా ఫుటేజ్ చూస్తే, స్పృహలో లేని ఒక అమ్మాయిని ఫుట్‌బాల్ ఆటగాళ్లు గదిలోకి మోసుకెళ్లడం కనబడింది. వాళ్లే పోలీసులకు చెప్పారు. రోజుల్లో నలుగురూ జట్టులోంచి పోయారు. ముగ్గురికి 15 నుంచి 17 ఏళ్ల జైలు పడింది. అదీ ఆగ్నేయ రాష్ట్రాల పెద్ద లీగులో ఆడే జట్టే, అక్కడా డబ్బు ఉంది, అభిమానులున్నారు. మొదట చూసింది హాస్టల్ సిబ్బంది, కోచ్ కాదు.

పేరుండటం ఎప్పుడూ కవచమే అనుకుంటే తప్పు. 2006లో డ్యూక్ యూనివర్సిటీ లాక్రాస్ జట్టు ఆటగాళ్లు ముగ్గురి మీద అత్యాచారం కేసు పెట్టిన జిల్లా ప్రాసిక్యూటర్ మైక్ నైఫాంగ్, ఎన్నికల వేళ డీఎన్ఏ ఆధారాలు దాచాడు. సీజన్ రద్దయింది, కోచ్ రాజీనామా చేశారు. 2007 ఏప్రిల్‌లో రాష్ట్ర అటార్నీ జనరల్ రాయ్ కూపర్ ఆ ముగ్గురూ నిర్దోషులని ప్రకటించారు. నైఫాంగ్ లైసెన్సు రద్దయింది. ఆరోపణ చేసిన మహిళ 2024లో అది అబద్ధమని ఒప్పుకుంది. 2023లో ఐయోవా రాష్ట్ర దర్యాప్తు అధికారులు వారెంటు లేకుండా క్రీడా భవనాల్లోంచి ఎవరు ఫోన్లలో బెట్టింగ్ ఆడుతున్నారో వెతికారు. మామూలు హాస్టళ్ల మీద అంత శ్రద్ధ పెట్టలేదు. 2024 మార్చిలో కొందరి కేసులు కొట్టేశారు. ఆటగాడి పేరు పోలీసును ఒకసారి వెనక్కి లాగుతుంది, ఒకసారి ముందుకు తోస్తుంది. ఎటు అన్నది ఆ వారం ఎవరికి ఏం కావాలన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆటగాళ్లలో కూడా అందరికీ ఒకే మర్యాద లేదు. బెంచీ మీద కూర్చునేవాడు దొరికితే ప్రెస్ నోట్ సాయంత్రానికి వస్తుంది. 2023 జనవరిలో అలబామాలో ఒక యువతి కాల్పుల్లో చనిపోయిన కేసులో అక్కడి యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు రిజర్వ్ ఆటగాడి మీద హత్యానేరం పడింది, అదే రోజు అతన్ని జట్టు నుంచి తొలగించారు. ఆ తుపాకీ ఉన్న కారు నడుపుకుంటూ వచ్చింది జట్టు స్టార్ బ్రాండన్ మిల్లర్ అని ఫిబ్రవరిలో కోర్టులో బయటపడింది. అతని మీద ఏ కేసూ లేదు, తుపాకీ సంగతి తనకు తెలియదని అతని లాయర్ అన్నాడు, పోలీసులూ అతన్ని అనుమానితుడిగా చూడలేదు. చట్టం ప్రకారం అక్కడితో అయిపోయింది. యూనివర్సిటీ మాత్రం ఒక్క మ్యాచ్ ఆపి, ఇద్దరితో మాట్లాడి, ఏం చెయ్యాలో ఆలోచించుకోవచ్చు. అలా చెయ్యలేదు, మరునాడే ఆడించారు. అతను 41 పాయింట్లు కొట్టాడు.

చర్మం రంగు సంగతి తప్పించుకుని ఈ మాట పూర్తి చెయ్యలేం. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ పెద్ద జట్లలో నల్లజాతి ఆటగాళ్లే ఎక్కువ, పోలీసులు వాళ్లను ఆపేదీ ఎక్కువే. ఆట ఉన్నంతకాలం కాచిన చెయ్యి, మోకాలు విరిగిన మరునాడు ఉండదు. డబ్బు తెచ్చే ఆటలతో సంబంధం లేని మర్యాదా ఉంది. 2016లో స్టాన్‌ఫర్డ్ ఈతగాడు బ్రాక్ టర్నర్‌ను స్పృహలో లేని మహిళపై లైంగిక దాడి కేసులో మూడు నేరాల్లో జ్యూరీ దోషిగా తేల్చినా, జడ్జి ఏరన్ పెర్‌స్కీ ఆరు నెలల జైలు వేశారు. మూడు నెలలకే విడుదలయ్యాడు. ఈత టికెట్లు అమ్మదు. ఆ తెల్ల కుర్రాడి భవిష్యత్తు జడ్జి కళ్లకు కనబడినంత స్పష్టంగా వేరేవాళ్ల భవిష్యత్తు కనబడదన్న కోపంతో 2018 జూన్‌లో శాంటా క్లారా కౌంటీ ఓటర్లు పెర్‌స్కీని పదవి నుంచి దింపేశారు. కాలిఫోర్నియాలో ఓటుతో జడ్జిని దింపడం ఎనభై ఏళ్లలో అదే మొదలు.

ఇదే యూనివర్సిటీల్లో చదివే తెలుగు పిల్లలకు ఈ తేడా ఇంకోలా తగులుతుంది. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లకు అరెస్టు అన్న మాటే పెద్ద టెన్షన్. 2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (వాళ్ల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్‌లోవి) రద్దు చేసినప్పుడు, అందులో చాలామందికి ఉన్నది ట్రాఫిక్ టికెట్టో, ఎప్పుడో కొట్టేసిన చిన్న కేసో మాత్రమే. బాధితుల్లో భారతీయులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కోర్టులు అడ్డుకున్నాక నెలాఖరుకు రికార్డులు తిరిగి పెట్టారు. శనివారం మ్యాచ్‌కు టికెట్ కొనుక్కుని గ్యాలరీలో అరిచే కుర్రాడికి అతివేగం టికెట్టు వస్తే ఇమిగ్రేషన్ లాయర్‌కు ఫోన్ చెయ్యాలి. మైదానంలో ఉన్నవాడికి అదే టికెట్టు వస్తే, కోచ్ అది జట్టు లోపలి విషయమంటారు.

నియమాలు రాలేదని కాదు. ఒక చోట తీవ్రమైన నేరంతో జట్టు నుంచి పోయినవాణ్ని ఇంకో జట్టు తీసుకోకూడదని ఆగ్నేయ రాష్ట్రాల లీగు 2015లో కట్టడి చేసింది. లైంగిక హింస చరిత్ర ఉన్నవాళ్లను తీసుకోబోమని ఇండియానా యూనివర్సిటీ 2017లో ప్రకటించింది. ప్రైవేటు యూనివర్సిటీల క్యాంపస్ పోలీసు రికార్డులు జనానికి అందేలా టెక్సస్ 2015లో చట్టం మార్చింది. ఇండియానాలో మాత్రం నోటర్‌డామ్ క్యాంపస్ పోలీసుల రికార్డులు చూపించక్కర్లేదని అక్కడి సుప్రీంకోర్టు 2016లో తేల్చింది. అడిగింది ఈఎస్‌పీఎన్, ఆటగాళ్ల పేర్లతోనే.

ఇంతలో ఆటగాడి విలువ బయటికే వచ్చేసింది. 2021 జూలై నుంచి తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి ఆటగాళ్లు డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 జూలై నుంచి యూనివర్సిటీయే ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచవచ్చు, మొదటి ఏడాదికి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. ఇది రెండు వైపులా పదునే. ఒకప్పుడు కోచ్ ఇష్టానికి ఉన్న సస్పెన్షన్‌ను ఇప్పుడు కాంట్రాక్టులో కాగితం మీద రాసుకోవచ్చు. కానీ లక్షల డాలర్లు చెల్లించిన ఆటగాణ్ని అక్టోబర్‌లో పక్కన పెట్టాలంటే సంతకం చేసిన చెయ్యికి ఇంకా బరువుగా ఉంటుంది. ఎన్‌సీఏఏ పెట్టిన నియమం ప్రకారం 2022-23 నుంచి ప్రతి ఆటగాడూ ఏటా తన మీద లైంగిక లేదా ఇతర హింస కేసుల్లో విచారణ, శిక్ష ఉంటే యూనివర్సిటీకి రాసివ్వాలి. నేరం ఉన్నంత మాత్రాన ఆడకూడదని ఆ నియమం ఎక్కడా అనదు. దాచిపెట్టినవాడికి ఆడే అర్హత పోవచ్చు, పోవాలో వద్దో నిర్ణయించే అధికారం మాత్రం అతన్ని ఆడిస్తున్న యూనివర్సిటీకే ఇచ్చారు.